మెర్సీ ఒడ్డున ఒక గది

లివర్‌పూల్‌లో ఇల్లు కొనడమేమిటి, అదీ కాకినాడలో కూర్చుని, అని మీరు నవ్వవచ్చు. మొదట నేనూ నవ్వాను. కాని మా అక్కయ్య నవ్వలేదు. గూటిలోంచి ఒక రంగురంగుల పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. అట్ట మీద నది, నది ఒడ్డున పదిహేను అంతస్తుల అద్దాల మేడ, మేడ మీద ఎర్రటి సాయంకాలం. లోపల ప్రతి పేజీలోనూ నవ్వుతున్న మనుషులు. చివరి పేజీలో పెద్ద అక్షరాలతో మూడేళ్ళపాటు ఏటా నూటికి ఎనిమిది చొప్పున అద్దె హామీ.

మా మేనల్లుడు నాలుగేళ్ళ కిందట ఆ ఊరికి చదువుకోవడానికి వెళ్ళి, ఉద్యోగం దొరికి అక్కడే వుండిపోయాడు. పుస్తకం పంపింది వాడే. గది ధర లక్షన్నర పౌండ్లు. సగం ఇప్పుడే కట్టాలి, మిగతా సగం కట్టడం పూర్తయ్యాక. ఆ రెండో సగానికి తను బ్యాంకులో అప్పు తీసుకుంటాడట. మొదటి సగానికి మాత్రం అక్కయ్య దగ్గరున్న డబ్బు కావాలి. అది బావగారి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, ఆయన పోయాక అమ్మిన ఇంటి స్థలం తాలూకు సొమ్ము. అన్నీ కలిపితే తొంభై లక్షలు. అక్కయ్యకు ఆ తొంభై లక్షలు, తనున్న పాత ఇల్లు తప్ప మరో ఆధారం లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నీకెలాగూ వేసవి సెలవులు. వాడు టిక్కెట్టు కొంటానంటున్నాడు. వెళ్ళి నీ కళ్ళతో చూసిరా. నువ్వు సరేనంటే సంతకం పెడతాను" అంది.

"తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సీమలో ఇళ్ళ సంగతి నాకేం తెలుసక్కా?" అన్నాను.

"బొమ్మ చూసి పిల్లనిస్తామట్రా?" అంది అక్కయ్య.

ఆ మాటకు బదులు చెప్పలేక బయలుదేరాను.

లండన్‌లో యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగుతాము. మా వాడు ప్లాట్‌ఫారం మీద కనిపెట్టుకుని వున్నాడు. సామాను గదిలో పడేసి, టీ అయినా తాగనివ్వకుండా, "ముందు నది చూడండి మామయ్యా" అని తీసుకుపోయాడు. జూన్ మొదటి వారం. రాత్రి తొమ్మిదిన్నర దాటినా ఆకాశంలో వెలుగు పోలేదు.

మెర్సీ నది మన గోదావరిలాగా తీరుబడిగా పారేది కాదు. సముద్రపు పోటు లోపలికి తోసుకువస్తుంది, ఆటుకు వెనక్కి లాక్కుపోతుంది. ఒడ్డున మూడు పెద్ద భవనాలు పక్కపక్కనే నిలబడి వున్నాయి. అందులో పొడవైనది 1911లో పూర్తయిన రాయల్ లివర్ భవనం. దాని గడియారం ముఖం లండన్ బిగ్ బెన్ ముఖం కన్నా పెద్దది. రెండు గోపురాల మీద రెండు లోహపు పక్షులు రెక్కలు చాచుకుని వుంటాయి. అవి ఎగిరిపోతే ఊరు పాడైపోతుందని అక్కడివారి నమ్మకం. వారికీ మనకూ ఈ విషయంలో పెద్ద తేడా ఏమీ లేదనిపించింది.

మరి ఆ పక్షులు ఎగిరిపోకుండానే ఆ ఊరు ఒకసారి దాదాపు పాడైపోయింది. మా వాడు కొనాలంటున్న గది సంగతి అర్థం కావాలంటే ఆ కథ కొంచెం తెలియాలి.

ఓడలు ఆటుపోట్ల బాధ లేకుండా సరుకు దించుకోవడానికి తలుపులు బిగించిన నీటి మడుగు కట్టడం, దాన్ని వర్తకానికి వాడడం ప్రపంచంలో మొదట ఇక్కడే జరిగింది. ఆ డాక్ 1715లో తెరిచారు. దాని గోడలు ఇప్పుడు ఒక పెద్ద బజారు కింద నేలమాళిగలో భద్రంగా వున్నాయి. ఈ ఊరి తొలి సంపదలో చాలా భాగం పాపపు సొమ్ము. ఇక్కడి ఓడలు ఆఫ్రికా నుంచి మనుషులను గొలుసులతో కట్టి అమెరికా ఖండానికి చేరవేశాయి. 1807లో పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించేదాకా అది సాగింది. ఆ సంగతి దాచుకోకుండా 2007లో రేవు ఒడ్డునే దానికొక మ్యూజియం పెట్టారు.

తరువాత పత్తి వచ్చింది. అమెరికా పత్తి లివర్‌పూల్‌లో దిగి, 1830లో వేసిన రైలు దారి మీద మాంచెస్టరు మిల్లులకు పోయేది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లీషు వర్తకులు మన దేశం వైపు తిరిగారు. మన గుంటూరు ప్రాంతాల నుంచి కాకినాడ రేవుకు చేరిన పత్తిని వారు మా ఊరి పేరుతోనే 'కోకనాడ' పత్తి అని పిలిచేవారు. కాకినాడలో ఉప్పుటేరు ఒడ్డున పాత గిడ్డంగుల పక్కనుంచి నడిచినవాణ్ణి కనుక, లివర్‌పూల్‌లో ఎర్ర ఇటుక గిడ్డంగులు చూడగానే ఎక్కడో చూసిన చుట్టంలా తోచాయి.

1931 ప్రాంతాల్లో ఈ ఊరి జనాభా ఎనిమిదిన్నర లక్షలు. 2001 నాటికి అది నాలుగు లక్షల నలభై వేలకు దిగిపోయింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరు మాయమైనట్లే. యుద్ధంలో బాంబులు పడ్డాయి. సామ్రాజ్యం పోయింది. వర్తకం యూరప్ వైపు తిరగడంతో పడమటి తీరాన వున్న రేవు వెనకబడింది. తరువాత కంటెయినర్లు వచ్చాయి. వెయ్యిమంది కూలీలు మోసే బరువును ఒక క్రేను ఎత్తిపెట్టేస్తుంటే ఏడు మైళ్ళ పొడవునా వున్న డాకులతో పని ఏముంటుంది? 1846లో కట్టెపుల్ల వాడకుండా ఇనుము, ఇటుక, రాయితో అగ్నిభయం లేకుండా కట్టిన ఆల్బర్ట్ డాక్‌ను 1972లో మూసేశారు. ఓడలు తిరిగిన నీటిలో బురద పేరుకుపోయింది.

1981లో టాక్స్‌టెత్ అనే పేటలో పెద్ద అల్లర్లు జరిగాయి. నిరుద్యోగం, పోలీసుల మీద కోపం కలిసి వీధులు తగలబడ్డాయి. అప్పటి ఆర్థిక మంత్రి జెఫ్రీ హౌ ఈ ఊరి మీద డబ్బు పోయడం దండగనీ, మెల్లగా క్షీణించనివ్వడం గురించి కూడా ఆలోచించాలనీ ప్రధానమంత్రికి రాశారు. ఆ కాగితాలు ముప్ఫై ఏళ్ళ తరువాత, 2011లో బయటపడ్డాయి. ఒక ఊరిని ఊరుగానే వదిలేయడం గురించి మంత్రులు కలం పట్టుకుని ఆలోచించారని తెలిస్తే ఆ ఊరివారికి ఎలా వుంటుందో ఊహించండి. అదే మంత్రివర్గంలో మైకేల్ హెసెల్‌టైన్ మాత్రం ఊళ్ళో తిరిగి, మనుషులతో మాట్లాడి, దీన్ని నిలబెట్టాలని పట్టుబట్టారు. ఆ సంవత్సరమే ఏర్పడిన అభివృద్ధి సంస్థ డాకులో బురద తీయించింది. 1984లో పాడుపడిన నేల మీద అంతర్జాతీయ ఉద్యానవన ప్రదర్శన జరిగింది. 1988లో ఆల్బర్ట్ డాక్ మళ్ళీ తెరుచుకుని, టేట్ వారి చిత్రశాల అక్కడికి వచ్చింది.

2004లో యునెస్కో రేవును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2008లో ఊరు యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. అదే ఏడు నడిబొడ్డున నలభై రెండెకరాల్లో కొత్త బజారు తెరిచారు. ఇంకా మేడలు లేస్తూనే వున్నాయి. ఎంతగా అంటే, పాత రేవు రూపం చెడిపోయిందంటూ 2021లో యునెస్కో తన గుర్తింపు వెనక్కి తీసుకుంది. ఊరివారికి అది చిన్నతనమే. అయినా ఉత్తరాన పాడుపడ్డ బ్రామ్లీ-మూర్ డాక్‌లో ఎవర్టన్ ఫుట్‌బాల్ జట్టు సుమారు యాభై మూడు వేలమంది కూర్చునే స్టేడియం కట్టుకుంది. 2025లో అక్కడ ఆటలు మొదలయ్యాయి. 2021 లెక్కల్లో జనాభా నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. పోయినవారు తిరిగి రాకపోయినా కొత్తవారు వస్తున్నారు.

"చూశారుగా మామయ్యా! ఊరు లేస్తోంది. మూడు విశ్వవిద్యాలయాలున్నాయి. వేలమంది పిల్లలకు గదులు కావాలి. లండన్‌లో ఇదే గది కొనాలంటే మన తరమా? ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటాము?" అన్నాడు మా వాడు. వాడి మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ రాత్రి పడుకునేముందు నేను కూడా సరేననే అనుకున్నాను.

మర్నాడు ఇద్దరం కలిసి ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాము. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చక్కటి సూటు వేసుకున్న కుర్రాడు కాఫీ ఇచ్చి, అద్దాల పెట్టెలో పెట్టిన మేడ నమూనా చూపించాడు. అందులో అగ్గిపుల్లంత మనుషులు, గోరంత చెట్లు. మన గది పదకొండో అంతస్తులో వుంది.

"స్థలం చూడవచ్చా?" అన్నాను.

"తప్పకుండా. నడిచి పదినిమిషాలు" అన్నాడు గాని తను రాలేదు.

వెళ్ళాము. చుట్టూ రంగు బొమ్మల అట్టల దడి. అట్ట మీద అదే ఎర్రటి సాయంకాలం. సందులోంచి చూస్తే లోపల పునాది గొయ్యి, గోతిలో వాననీళ్ళు, నీళ్ళలో ఒక బాతు. ఎవరూ పనిచేయడం లేదు.

"ఆదివారం కాదు గదా ఇవాళ?" అన్నాను. మా వాడు మాట్లాడలేదు.

ఎదురు సందులో చిన్న టీ కొట్టు. కొట్టు నడిపే పెద్దాయన తండ్రి డాకుల్లో కూలీ అట. ఆ గొయ్యి ఎన్నాళ్ళుగా వుందని అడిగితే, "బాతుకు పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పిల్లలు పుట్టాయి" అన్నాడు. తరువాత నవ్వు మాని, ఈ ఊళ్ళో అలాంటి కథలు కొన్ని జరిగాయనీ, హాంకాంగ్ నుంచీ చైనా నుంచీ వచ్చి తన కొట్టు ముందు నిలబడి గోతిలోకి చూసి వెళ్ళినవారిని తను ఎరుగుదుననీ చెప్పాడు.

ఆ సాయంత్రం మా వాడి స్నేహితురాలు ఒకామె, సొలిసిటర్ల ఆఫీసులో పనిచేసే అమ్మాయి, కిటుకు విడమరిచి చెప్పింది. ఇంగ్లండులో మామూలుగా కొత్త ఇల్లు కొంటే నూటికి పది బయానా ఇస్తారు. ఇల్లు చేతికొచ్చేదాకా ఆ డబ్బు సొలిసిటరు దగ్గరే వుంటుంది. కాని 2010 తరువాతి సంవత్సరాల్లో ఇక్కడ కొందరు మరో పద్ధతి పట్టారు. సగమో, అంతకన్నా ఎక్కువో ముందే పుచ్చుకుని, ఆ డబ్బుతోనే మేడ కట్టడం. కొనేవారు ఆగితే కట్టడమూ ఆగుతుంది. కంపెనీ దివాలా తీస్తే, భూమి తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాడు సాధారణంగా ముందుంటాడు, దూరదేశపు కొనుగోలుదారు వెనకనుంటాడు. కట్టినవాటిలో పూర్తయినవీ వున్నాయి, నిక్షేపంగా అద్దెలొస్తున్నవీ వున్నాయి. ఏది ఏదో బొమ్మ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 2021లో ప్రభుత్వం ఈ ఊరి పురపాలక సంఘంలో ఆస్తుల వ్యవహారాలు మొదలైనవి సరిగా లేవని విచారణలో తేలి కమిషనర్లను పంపింది. వారు 2024 దాకా వున్నారు.

"మరి ఎనిమిది శాతం హామీ?" అన్నాడు మా వాడు, చివరి ఆశగా.

కాగితం, పెన్సిలు తీశాము. లక్షన్నరకు ఎనిమిది శాతమంటే ఏడాదికి పన్నెండు వేలు, నెలకు వెయ్యి పౌండ్లు. అదే వీధిలో బ్రోకరు కిటికీకి అంటించిన కాగితంలో అలాంటి గది అద్దె ఎనిమిది వందలు. ఆ పైన రెండు వందలు ఎవరు ఇస్తారు? మనం ఇచ్చిన ధరలోంచే మనకు తిరిగి ఇస్తారు. మూడేళ్ళు కాగానే అది ఆగిపోతుంది. ఎనిమిది వందల్లోనూ మేడ నిర్వహణ ఖర్చు, అద్దె వసూలు చేసేవాడి వంతు, గది ఖాళీగా వున్న నెలలు తీసేయాలి. పైగా గది మనదే అయినా నేల మనది కాదు. లీజు వుంటుంది, అది నూట పాతికేళ్ళో, రెండు వందల యాభయ్యో. ఆ నిర్వహణ ఖర్చు ఎంతో మన చేతిలో వుండదు.

పన్ను సంగతి సరేసరి. అక్కయ్య పేరూ చేరితే ఆమెకు కాకినాడలో సొంత ఇల్లుంది కనుక ఇది రెండో ఇంటి కింద లెక్క, నూటికి ఐదు అదనం. ఆమె ఇంగ్లండులో కాపురం వుండేది కాదు కనుక మరో రెండు. 2025 ఏప్రిల్‌లో అమలైన రేట్ల ప్రకారం లక్షన్నర పౌండ్ల గదికి స్టాంపు పన్ను పదకొండు వేల పౌండ్లు. రంగు పుస్తకంలో ఈ అంకె ఎక్కడా కనబడలేదు.

మా వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. "నేను అమ్మకు మంచి చేద్దామనే అనుకున్నాను మామయ్యా. నాన్న డబ్బు అక్కడ బ్యాంకులో ఊరికే పడివుందని..." అని ఆగిపోయాడు. తండ్రి పోయినప్పుడు సమయానికి రాలేకపోయాడు వాడు. ఆ లోటు ఏదో ఒక విధంగా పూడ్చాలని చూస్తున్నాడని నాకప్పుడు తెలిసింది. వాడిని ఏమనగలను?

మర్నాడు ఊరికే తిరుగుదామని బయలుదేరి టాక్స్‌టెత్ వైపు వెళ్ళాము. అల్లర్లు జరిగిన ఆ పేటలోనే గ్రాన్‌బీ అనే చోట నాలుగు వీధులున్నాయి. గోడకు గోడ ఆనుకున్న ఎర్ర ఇటుక వరస ఇళ్ళు. అల్లర్ల తరువాత జనం వెళ్ళిపోతే పురపాలకులు ఇళ్ళు కొని, కిటికీలకు రేకులు కొట్టి, కూల్చడానికి సిద్ధంగా వుంచారు. కొద్దిమంది ఆడవాళ్ళు మాత్రం కదలలేదు. వీధి తామే చిమ్మారు, రేకుల మీద రంగులు వేశారు, వాకిళ్ళ ముందు పూలకుండీలు పెట్టారు, నెలకోసారి వీధిలో సంత పెట్టారు. 2011లో ఇళ్ళు నిలబెట్టడానికి తమ పేట ట్రస్టు ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. వారితో కలిసి పనిచేసిన అసెంబుల్ అనే యువ వాస్తుశిల్పుల బృందానికి 2015లో టర్నర్ బహుమానం వచ్చింది. బ్రిటనులో చిత్రకారులకూ శిల్పులకూ ఇచ్చే పెద్ద బహుమానం పాత ఇళ్ళు బాగుచేసినందుకు ఇచ్చారు!

మేము వెళ్ళిన వేళకు ఒక ముసలావిడ గుమ్మం ముందు కుండీకి నీళ్ళు పోస్తోంది. మమ్మల్ని చూసి, "ఇల్లు వెతుకుతున్నారా?" అని అడిగింది.

"చూస్తున్నామండీ" అన్నాడు మా వాడు.

"ఉండడానికా, ఉంచడానికా?" అంది.

ఆమె ఇంగ్లీషులో అన్నమాటను నేను తెలుగులో ఇలా రాసుకున్నాను. ఊళ్ళో ఇళ్ళు కొనేవారు రెండు రకాలట. ఉండడానికి కొనేవారు, ఊరికే ఉంచడానికి కొనేవారు. ఈ ఊరి పురపాలకులు 2013లో పాడుపడ్డ ఇళ్ళను పౌండుకొకటి చొప్పున అమ్మే పథకం పెట్టినప్పుడు కూడా షరతు అదే. మొదటిసారి ఇల్లు కొనేవారై వుండాలి, తామే బాగుచేసుకోవాలి, ఐదేళ్ళు తామే కాపురం వుండాలి, అద్దెకివ్వకూడదు. పౌండు ధర పేరుకే. బాగుచేయడానికి వేలకు వేలు పట్టింది. అయినా పొయ్యి వెలిగే ఇళ్ళు పక్కన వుంటే తక్కిన ఇంటికీ విలువ వస్తుందని వారికి అప్పటికి తెలిసింది.

ఆ సాయంకాలం నది ఒడ్డున కూర్చుని అక్కయ్యకు ఫోను చేశాము. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది. నిద్రపోలేదు. నేను ఊరి సంగతులన్నీ చెప్పాను. ఊరు నిజంగానే లేస్తోందన్నాను. గొయ్యి సంగతి కూడా చెప్పాను. బాతు సంగతి చెబితే నవ్వింది.

"అంతా బాగానే వుందిరా. ఆ పదకొండో అంతస్తు గదిలో చివరికి ఎవరుంటారు?" అంది.

నేను మా వాడి వంక చూశాను. వాడు నా వంక చూశాడు. మూడు రోజులుగా అంకెలన్నీ వేశాము గాని ఈ ప్రశ్న మాకు తట్టలేదు. వాడు ఫోను అందుకున్నాడు.

"అమ్మా, సంతకం పెట్టకు. డబ్బు నీ దగ్గరే వుంచు. నాకు పెళ్ళయి, ఇక్కడే వుంటానని తేలితే అప్పుడు నేనుండడానికి ఒక వరస ఇల్లు చూసుకుంటాను. నా జీతంతో. నువ్వొచ్చి చూశాకే" అన్నాడు.

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "నేను రావాలంటే అక్కడ చలి ఎక్కువటగా" అంది అక్కయ్య. గొంతు మాత్రం తేలికపడింది.

నేను తిరిగి వచ్చి రెండు వారాలైంది. సీమలో ఇల్లు కొనకండని చెప్పడానికి ఇది రాయడం లేదు. మనవాళ్ళు అక్కడ కొనుక్కుని సుఖంగా వున్నారు, ఇంకా కొంటారు. లివర్‌పూల్ అందుకు తగిన ఊరే. కాని ఎవరైనా రంగు పుస్తకం పంపితే ముందు స్థలం చూడండి, లేదా నమ్మకస్తులను పంపి చూపించండి. నేల ఎవరి పేర వుందో కొద్ది పౌండ్ల రుసుముకు అక్కడి భూమి రిజిస్ట్రీలో ఎవరైనా చూడవచ్చు. కంపెనీవారు చూపించిన సొలిసిటరు కాక, మీ సొలిసిటరును మీరే పెట్టుకోండి. బయానా డబ్బు ఎవరి దగ్గర వుంటుందో కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాత మా అక్కయ్య అడిగిన ప్రశ్న కూడా ఒకసారి అడగండి.

అక్కయ్య గూట్లో ఆ పుస్తకం ఇంకా వుంది. మొన్న వెళితే దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకుని తాగుతోంది. నన్ను చూసి, "ఆ బాతు ఇంకా అక్కడే వుందేమో కనుక్కోమని వాడికి చెప్పాన్రా" అంది.